నోరూరడాన్ని కొలిచే పరీక్ష

న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో గామా కెమెరా ఖరీదు కోట్లలో ఉంటుంది. రేడియోధార్మిక మందును సీసపు కవచాల్లో దాచి, వాడిన ప్రతి చుక్కకూ లెక్క రాస్తారు. లాలాజల గ్రంథుల స్కాన్ ఉన్న రోజున మాత్రం వీటి పక్కన ఇంకో సరుకు కూడా సిద్ధంగా ఉండాలి. అది నిమ్మకాయ. దానికి లైసెన్సు అక్కర్లేదు. ఎవరో ఒకరు పొద్దున్నే కూరగాయల బండి దగ్గర కొనుక్కొస్తే చాలు. తేవడం మర్చిపోతే మాత్రం కోట్ల రూపాయల కెమెరా సగం ప్రశ్నకే జవాబు చెబుతుంది.

ఏ అవయవం గురించైనా రెండు సంగతులు అడగొచ్చు. ఎలా ఉంది అన్నది ఒకటి, ఏం పని చేస్తోంది అన్నది రెండోది. ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్ ఎక్కువగా మొదటిదాని సంగతే చూస్తాయి. మేడ మీది వాటర్ ట్యాంకును నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసినా కింద కుళాయిలో నీళ్లు వస్తాయో రావో తెలియదు. కుళాయి తిప్పి చూడాల్సిందే. లాలాజల గ్రంథిని తిప్పి చూడాలంటే నాలుక మీద పులుపు వేయాలి. వేసి, ఆ తర్వాత గ్రంథిలో ఏం జరుగుతుందో నిమిషం నిమిషం చిత్రం తీస్తూ పోవాలి. సాలివరీ సింటిగ్రఫీ అనే పరీక్ష చేసే పని ఇదే.

ముందు గ్రంథులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూద్దాం. పెద్దవి మూడు జతలు. చెవి ముందు భాగం నుంచి చెవితమ్మె కింది దాకా పరుచుకున్నవి పెరోటిడ్ గ్రంథులు. గవదబిళ్లలు వచ్చినప్పుడు వాచేవి ముఖ్యంగా ఇవే. దవడ ఎముక కింద లోపలివైపు ఉన్నవి అధోజంభికలు. నాలుక కింద ఉన్నవి అధోజిహ్వికలు. ఇవి కాక పెదాల లోపల, బుగ్గల్లో, అంగిట్లో కంటికి ఆనని చిన్న గ్రంథులు వందల్లో ఉంటాయి. పై దవడలో రెండో పెద్ద దంతానికి ఎదురుగా బుగ్గ లోపల నాలుక కొసతో తడిమి చూడండి, చిన్న బుడిపె తగులుతుంది. పెరోటిడ్ నాళం నోట్లోకి తెరుచుకునే చోటు అది. 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నికొలాస్ స్టెనో అనే డెన్మార్క్ విద్యార్థి గొర్రె తలకాయ కోస్తూ ఈ నాళాన్ని గుర్తించాడు. ఆయనకు ఇంట్లో చోటిచ్చి చదువు చెబుతున్న గురువు అది తానే కనిపెట్టానన్నాడు. ఇద్దరికీ పెద్ద తగాదా అయింది. నాళానికి చివరికి శిష్యుడి పేరే మిగిలింది. పరిశోధక విద్యార్థులకు ఊరటనిచ్చే ఉదంతాలు అరుదు కాబట్టి చెబుతున్నాను.

ఇన్ని గ్రంథులూ కలిసి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం తయారు చేస్తాయి. పని పంపకం మాత్రం సమానంగా ఉండదు. ఏమీ తినకుండా ఊరికే కూర్చున్నప్పుడు నోటిని తడిపేది ఎక్కువగా అధోజంభిక గ్రంథులు, దాదాపు మూడింట రెండు వంతులు వాటి వాటాయే. ముద్ద నోట్లో పడ్డాక పెరోటిడ్ రంగంలోకి దిగుతుంది. అందుకే పెరోటిడ్ దెబ్బతిన్నవాళ్లు అన్నం మింగలేకపోతున్నాం అంటారు, అధోజంభికలు దెబ్బతిన్నవాళ్లు రాత్రి నిద్రలో నాలుక పిడచకట్టుకుపోతోంది అంటారు. ప్రతి రోగీ ఇంత చక్కగా విడదీసి చెప్పడనుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. నోరు ఎండినట్టు అనిపించడం వేరు, లాలాజలం నిజంగా తగ్గడం వేరు. మామూలుగా ఒక మనిషికి ఊరే లాలాజలం దాదాపు సగానికి పడిపోయాక గానీ ఎండినట్టు తెలియదు. మరోపక్క, ఉమ్మి సరిపడా ఊరుతున్నా నోరు తెరిచి నిద్రపోయేవాళ్లకీ, బాగా ఆందోళనలో ఉన్నవాళ్లకీ నోరు ఎండినట్టే ఉంటుంది. కాబట్టి రోగి మాట వినాలి, విన్నాక కొలవాలి.

కొలవడానికి కావలసింది ఒక కప్పు, ఒక గడియారం. రోగిని కూర్చోబెట్టి, కాసేపు ముందు నుంచీ ఏమీ తిననీయకుండా, తాగనీయకుండా ఉంచి, తల కొంచెం వంచి, ఊరిన ఉమ్మిని ఊరినట్టే కప్పులోకి జారవిడవమంటారు. 15 నిమిషాలు అలా కూర్చోవాలి. ఆరోగ్యవంతుల్లో నిమిషానికి సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు వస్తుంది. 0.1 లేదా అంతకు తక్కువ వస్తే గ్రంథులు పని తగ్గించేశాయని లెక్క. అంటే 15 నిమిషాలకు ఒకటిన్నర మిల్లీలీటర్లు, టీస్పూనులో మూడో వంతు కూడా కాదు. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. మన ఆసుపత్రుల్లో ఇది అరుదుగా జరగడానికి ఖర్చు లేకపోవడం కూడా ఒక కారణమేమోనని నా అనుమానం. నలుగురిలో కప్పు పట్టుకుని చొంగ కార్చడానికి రోగికి మొహమాటం, కార్చమని చెప్పడానికి డాక్టరుకు తీరిక లేకపోవడం మిగతా కారణాలు.

కప్పు చెప్పేది మొత్తం మాత్రమే. ఆ మొత్తంలో ఏ గ్రంథి వాటా ఎంత, ఏది మూలన పడింది, ఏది తయారు చేసి కూడా బయటికి పంపలేకపోతోంది అన్నవి కప్పుకు తెలియవు. గామా కెమెరా అవసరం ఇక్కడ మొదలవుతుంది.

సింటిగ్రఫీలో వాడే పదార్థం టెక్నీషియం-99ఎం. టెక్నీషియం అనే మూలకాన్ని 1937లో ఇటలీలోని పలెర్మోలో కార్లో పెర్రియే, ఎమీలియో సెగ్రే గుర్తించారు. ఆసుపత్రుల్లో దీన్ని మాలిబ్డినం-99 నింపిన చిన్న జెనరేటర్ నుంచి తీసుకుంటారు. మాలిబ్డినం అర్ధాయువు 66 గంటలు. అది క్షయమవుతూ టెక్నీషియంగా మారుతుంటుంది, టెక్నీషియన్లు రోజూ పొద్దున్నే సెలైన్ పంపి దాన్ని కడిగి తీసుకుంటారు. వాళ్ల వాడుకలో దీని పేరు ‘పితకడం’. వారం గడిస్తే దిగుబడి బాగా తగ్గిపోతుంది, కొత్త జెనరేటర్ రావాలి. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగిపోయినప్పుడు ప్రపంచంలో చాలా చోట్ల స్కాన్‌లు వాయిదా పడ్డాయి. నోరెండిన ఒక మనిషి పరీక్ష ఇంకో ఖండంలోని పాత రియాక్టరు తొట్టికి పట్టిన తుప్పు మీద ఆధారపడి ఉంటుందని మామూలుగా ఎవరికీ తట్టదు.

టెక్నీషియం సొంత అర్ధాయువు 6 గంటలు. పరీక్ష పూర్తి చేయడానికి అది చాలు, ఒంట్లో ఎక్కువ కాలం నిలవదు కూడా. దాన్ని పెర్‌టెక్నెటేట్ అనే అయాను రూపంలో నరంలోకి ఎక్కిస్తారు. పరిమాణంలోనూ విద్యుదావేశంలోనూ ఈ అయాను అయొడైడ్‌ను పోలి ఉంటుంది. శరీరంలో అయొడైడ్‌ను కణాల్లోకి లాక్కునే ఒక ప్రొటీన్ ఉంది, సోడియం అయొడైడ్ సింపోర్టర్ అంటారు. థైరాయిడ్‌లో దాని పని అందరికీ తెలిసిందే. అదే ప్రొటీన్ లాలాజల గ్రంథుల నాళాల గోడల్లోనూ, జీర్ణాశయం లోపలి పొరలోనూ ఉంటుంది. పెర్‌టెక్నెటేట్‌ను చూసి అది అయొడైడే అనుకుని లోపలికి లాక్కుంటుంది. ఒక రకంగా ఈ పరీక్ష మొత్తం ఆ ప్రొటీన్ మోసపోవడం మీద నడుస్తుంది.

బల్ల మీద పడుకోబెట్టి, కెమెరాను ముఖానికి దగ్గరగా దించి, ఇంజెక్షన్ ఇచ్చిన క్షణం నుంచే చిత్రాలు తీయడం మొదలుపెడతారు. మందు మోతాదు మామూలుగా 185 నుంచి 370 మెగాబెకరెల్, అంటే 5 నుంచి 10 మిల్లీక్యూరీలు. తెర మీద మొదట ముఖమంతా మసకగా వెలుగుతుంది. అది ఇంకా రక్తంలోనే ఉన్న మందు. కొద్ది నిమిషాల్లో ఆ మసకలోంచి నాలుగు మచ్చలు తేలతాయి. పైన రెండు పెరోటిడ్‌లు, కింద కొంచెం మధ్యకు జరిగి రెండు అధోజంభికలు. ఇంకా కిందికి మెడలో థైరాయిడ్ కనిపిస్తుంది. నాలుక కింది గ్రంథులు ఈ చిత్రంలో విడిగా దాదాపు తెలియవు. నిమిషాలు గడిచేకొద్దీ నాలుగు మచ్చలూ ముదురుతాయి. నడుమ నోటి భాగం కూడా మెల్లగా వెలగడం మొదలవుతుంది, ఊరిన లాలాజలం అక్కడికి చేరుతోందన్నమాట.

15, 20 నిమిషాలయ్యాక తల కదపవద్దని చెప్పి, నోట్లో నిమ్మరసం వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథులైతే ఒకటి రెండు నిమిషాల్లోనే నాలుగు మచ్చలూ వెలవెలబోతాయి, నోరు ఒక్కసారిగా వెలిగిపోతుంది. పోగుచేసిన మందును గ్రంథులు లాలాజలంతో పాటు బయటికి తోసేశాయి. తర్వాత మళ్లీ మెల్లగా నింపుకోవడం మొదలుపెడతాయి.

చిత్రాలు అయ్యాక కంప్యూటర్‌లో ఒక్కో మచ్చ చుట్టూ గీత గీసి, నిమిషానికి ఎన్ని గామా కిరణాలు వచ్చాయో లెక్కించి గ్రాఫ్ వేస్తారు. అసలు నివేదిక ఈ గ్రాఫే. రోగి చేతికిచ్చే కవరులో రంగురంగుల బొమ్మ పెద్దదిగా, గ్రాఫ్ ఓ మూల చిన్నదిగా ఉంటుంది. అందరూ బొమ్మనే చూస్తారు.

ఇద్దరు మనుషులను అనుకుందాం. ఒకావిడకు కొన్నేళ్లుగా నోరూ కళ్లూ ఎండిపోతున్నాయి, కీళ్ల నొప్పులున్నాయి. ఆమె గ్రాఫ్‌లో నాలుగు గీతలూ మొదట్లో కాస్త లేచి, ఆ తర్వాత నేల మీదే పాకుతాయి. నిమ్మరసం వేసినా చలనం లేదు. పడిపోవడానికి అసలు పోగైంది ఏమీ లేదు. గ్రంథులే మందును తీసుకోవడం లేదు. రెండో మనిషి, నలభై ఏళ్లాయన, భోజనానికి కూర్చోగానే కుడి దవడ కింద వాపు వచ్చి, ఓ గంట తర్వాత తగ్గుతుంది. ఆయన గ్రాఫ్‌లో మూడు గీతలు చక్కగా లేచి నిమ్మరసానికి చక్కగా పడతాయి. నాలుగోది కూడా లేస్తుంది, పులుపు తగిలాక మాత్రం పడదు, ఇంకొంచెం లేస్తుంది కూడా. గ్రంథి పని చేస్తోంది, దారే మూసుకుపోయింది. మొదటి ఆవిడ సమస్య తయారీలో ఉంది, రెండో ఆయన సమస్య రవాణాలో ఉంది. ఇద్దరి గ్రంథులనూ నిశ్చలంగా ఒక్క ఫొటో తీసి ఊరుకుంటే ఈ తేడా ఇంత స్పష్టంగా బయటపడదు.

మూడో రకం కూడా ఉంది. నాలుగు గీతలూ లేస్తాయి, నాలుగూ సరిగ్గా పడవు. నాలుగు నాళాల్లోనూ ఒకేసారి రాళ్లు పడటం జరిగే పని కాదు. అలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది మందులను. మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, పార్కిన్సన్స్‌కు, మానసిక వైద్యంలో ఇచ్చే మందులకు తోడుగా వాడే ట్రైహెక్సీఫెనిడిల్, నొప్పులకీ నిద్రకీ రాసే ఎమిట్రిప్టిలిన్, ఇవన్నీ గ్రంథికి నరాల నుంచి వచ్చే ఆజ్ఞను అడ్డుకుంటాయి. జలుబుకు వాడే యాంటీహిస్టమిన్లలో కొన్ని కూడా ఈ కోవలోవే. అసలు నోరెండిపోవడానికి కారణాల జాబితాలో అందరికంటే పైన ఉండేది మందులే. వీటిని డాక్టరు సలహాతో ముందే ఆపకుండా స్కాన్‌కు వెళితే, జబ్బు లేని గ్రంథికి జబ్బున్నట్టు నివేదిక రావచ్చు.

ఇంకో విశేషం వార్తిన్ కణితి. పెరోటిడ్‌లో, ఎక్కువగా పొగతాగేవాళ్లలో వచ్చే హానిలేని కణితి ఇది. మిగతా కణితులు చాలావరకు ఈ స్కాన్‌లో మందును తీసుకోకుండా ఖాళీగా కనిపిస్తే, ఇది మందును పీల్చుకుంటుంది, బయటికి పంపే దారి లేక నిమ్మరసం తర్వాత కూడా అలాగే వెలుగుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న గ్రంథి ఖాళీ అయ్యాక ఒక్క చుక్క మిగిలిపోతే డాక్టరు మనసులో మొదట మెదిలే పేరు ఇదే.

రేడియేషన్ అనగానే వచ్చే భయం సంగతి కూడా చెప్పుకోవాలి. 185 మెగాబెకరెల్ మోతాదుకు ఒంటికి తగిలేది సుమారు 2.4 మిల్లీసీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సహజంగా అందేది కూడా దాదాపు అంతే. గర్భిణులకు ఈ పరీక్ష సాధారణంగా చేయరు. పాలిచ్చే తల్లులు ముందే చెబితే ఎంతసేపు పాలు ఆపాలో ఆసుపత్రి వాళ్లే చెబుతారు. మిగతావాళ్లకు సూది పోటు తప్ప పెద్ద బాధ లేదు.

ఇంత పొగిడాక లోపాలు కూడా చెప్పాలి. లాలాజలంలోని నీటిని ఊరించేది గ్రంథి లోపల గుత్తులుగా ఉండే ఎసినై కణాలు. పెర్‌టెక్నెటేట్‌ను లాక్కునేది ప్రధానంగా నాళాల కణాలు. అంటే ఈ స్కాన్ నేరుగా కొలిచేది ఉత్పత్తి చేసేవాళ్లను కాదు, వాళ్ల పొరుగువాళ్లను. మామూలుగా రెండూ కలిసే దెబ్బతింటాయి కాబట్టి లెక్క సరిపోతుంది. అయితే ఇది పరోక్ష సాక్ష్యమే. రెండో లోపం, కొలమానాలు. ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రి తన కెమెరాకు, తన పద్ధతికి తగ్గ ‘నార్మల్’ అంకెలు పెట్టుకుంటుంది. 1971లో షాల్, ఆయన సహచరులు కంటితో చూసి నాలుగు తరగతులుగా విభజించే పద్ధతి ఇచ్చారు. ఒకటో తరగతి నిక్షేపంలాంటి గ్రంథి, నాలుగోది మందును ఏమాత్రం తీసుకోని గ్రంథి. ఆ రెండు కొసల దగ్గర ఎవరికీ పేచీ లేదు. మధ్యలో రెండుకూ మూడుకూ తేడా చెప్పడం చూసేవాళ్ల కంటిని బట్టి మారుతుంది. మన రోగుల్లో చాలామంది అక్కడే ఉంటారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. గ్రంథి పని చేయడం లేదని స్కాన్ చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు. షోగ్రెన్ సిండ్రోమ్ వల్ల ఎండిందా, రేడియేషన్ వల్లా, ఏళ్ల తరబడి వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ల వల్లా? చివరికి గీత ఒకేలా పడుకుంటుంది. షోగ్రెన్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత లాలాజల, కన్నీటి గ్రంథుల మీదే దాడి చేసే జబ్బు. స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వివరించాడు. రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. దీన్ని నిర్ధారించే 2002 నాటి అమెరికా, యూరప్ నిపుణుల ప్రమాణాల్లో సింటిగ్రఫీకి చోటుంది. 2016లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కొత్త ప్రమాణాలు రాసినప్పుడు దాన్ని తీసేశారు. పెదవి లోపలి చిన్న గ్రంథి బయాప్సీకి 3 మార్కులు, రక్తంలో యాంటీ ఎస్‌ఎస్‌ఏ యాంటీబాడీలకు 3 మార్కులు, కంటి పరీక్షలు రెండింటికి ఒక్కోటి, ఉమ్మి కప్పుకు ఒకటి. మొత్తం 4 వస్తే షోగ్రెన్ కింద లెక్క. కోట్ల రూపాయల కెమెరా పరీక్ష తప్పింది, కప్పు నిలిచింది.

మిగతా చిత్రాల సంగతి టూకీగా. సయలోగ్రఫీ అన్నిటికంటే పాతది. నాళం నోట్లో తెరుచుకునేచోట సన్నని గొట్టం దూర్చి, ఎక్స్‌రేలో కనిపించే ద్రవం ఎక్కించి ఫొటో తీస్తారు. నాళాల కొమ్మలన్నీ అందంగా కనిపిస్తాయి. చేయించుకున్నవాళ్లు ఆ అందాన్ని మెచ్చుకోవడం తక్కువ. ఎంఆర్ సయలోగ్రఫీలో గొట్టమూ లేదు, మందూ లేదు, నాళంలో ఉన్న లాలాజలమే ఎంఆర్‌ఐలో తెల్లగా మెరుస్తుంది. ఇందులోనూ పులుపు ఇచ్చి ముందూ తర్వాతా చిత్రాలు తీసి పోల్చి చూసేవాళ్లున్నారు. అల్ట్రాసౌండ్ ఈ పదిహేనేళ్లలో బాగా ముందుకొచ్చింది. షోగ్రెన్ ఉన్న గ్రంథి లోపల నల్లటి గుంటల్లా మచ్చలు కనిపిస్తాయి, వాటిని 0 నుంచి 3 దాకా గ్రేడ్ చేస్తారు. సూది లేదు, రేడియేషన్ లేదు, యంత్రం ప్రతి పట్టణంలోనూ ఉంది. 2016 ప్రమాణాల్లో దీన్ని కూడా చేర్చాలని వాదించే రుమటాలజిస్టులు కొద్దిమందేమీ కాదు. నా ఓటూ వాళ్లకే, ఒక షరతుతో. అల్ట్రాసౌండ్ చూసేది కట్టడాన్ని, పనిని కాదు.

రాళ్ల విషయానికొస్తే, లాలాజల గ్రంథుల్లో పడే రాళ్లలో 80 శాతం పైగా అధోజంభిక గ్రంథివే. దాని నాళం పొడవు, దారి ఎగువకు, ఉమ్మి చిక్కన. రాయి ఉందో లేదో అల్ట్రాసౌండ్, సీటీ తేలిగ్గానే చెబుతాయి. సింటిగ్రఫీకి ఇక్కడ వేరే పని ఉంది. ఏళ్ల తరబడి దారి మూసుకుపోయిన గ్రంథిలో ఇంకా ప్రాణం ఉందా, రాయి ఒక్కటీ తీస్తే సరిపోతుందా, గ్రంథినే తీసేయాలా అన్న తర్జనభర్జన వచ్చినప్పుడు నాలుగో గీత ఎంత లేచిందన్నది సర్జన్‌కు పనికొస్తుంది. రాయి తీశాక కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ చేస్తే, పోయిందనుకున్న గ్రంథి తిరిగి పని మొదలుపెట్టిన దాఖలాలు చాలానే ఉన్నాయి.

ఈ పరీక్ష విలువ బాగా తెలిసేది క్యాన్సర్ వార్డులో. నోరు, గొంతు క్యాన్సర్లు మన దగ్గర తక్కువేమీ కాదు. గుట్కా, ఖైనీ ఒకవైపు, ఉత్తరాంధ్ర తీరంలో ఇంకా పూర్తిగా పోని అడ్డపొగ మరోవైపు. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ల అంగిట్లో తెల్లటి పొర మధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి అక్కడి చిన్న లాలాజల గ్రంథుల ద్వారాలు, వేడికి వాచి ఎర్రబడినవి. అక్కడే క్యాన్సర్ కూడా మొదలవుతుంది. రేడియేషన్ చికిత్స ఇచ్చినప్పుడు దారిలో ఉన్న పెరోటిడ్‌లూ దెబ్బతింటాయి. రెండు పెరోటిడ్‌లకూ సగటు మోతాదు 25 గ్రే లోపు, లేదా కనీసం ఒకదానికి 20 గ్రే లోపు ఉండేలా చూసుకోవాలన్నది ఇప్పుడు అందరూ అనుసరించే లెక్క. బ్రిటన్‌లో జరిగిన పార్‌స్పోర్ట్ అధ్యయనం 2011లో వెలువడింది. పాత పద్ధతి రేడియేషన్‌తో ఏడాది తర్వాత 74 శాతం మందికి బాధించే స్థాయిలో నోరెండిపోతే, గ్రంథులను తప్పించే ఐఎంఆర్‌టీతో 38 శాతానికి తగ్గింది. చికిత్సకు ముందు, తర్వాత సింటిగ్రఫీ చేస్తే ఏ గ్రంథిని కాపాడగలిగారో అంకెల్లో తెలుస్తుంది. లాలాజలాన్ని ఊరించే పైలోకార్పిన్ బిళ్లలు రాయాలా వద్దా అన్నదానికీ అది ఆధారం. పిండడానికి కణజాలం మిగిలి ఉంటేనే ఆ మందుకు పని.

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్-131 కథ దీనికి అద్దంలాంటిది. పరీక్షలో ఉపయోగపడిన ఆ ప్రొటీనే ఇక్కడ శత్రువు. చికిత్స కోసం ఇచ్చిన రేడియో అయోడిన్‌ను లాలాజల గ్రంథులూ లాక్కుని కాలిపోతాయి. నివారణగా రోగులను మొదటి గంట నుంచే నిమ్మ చాక్లెట్లు చప్పరించమనేవాళ్లు, ఉమ్మితో పాటు అయోడిన్ బయటికి పోతుందని. 2005లో జపాన్ వైద్యులు పోల్చి చూస్తే, మొదటి రోజు ఆగి 24 గంటల తర్వాత చప్పరించినవాళ్లకే నష్టం తక్కువగా కనిపించింది. పులుపు తగిలితే గ్రంథికి రక్తం ఎక్కువగా వెళుతుంది, రక్తంలో అప్పటికింకా అయోడిన్ నిండా ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలన్నదాని మీద వాదన ఇప్పటికీ తేలలేదు. ఎంతో హేతుబద్ధంగా వినిపించే సలహా కూడా కొలిచి చూసినప్పుడు తిరగబడితే వైద్యంలో ఎవరూ ఆశ్చర్యపోరు. చాక్లెట్ కంపెనీలు ఆశ్చర్యపోతాయేమో.

కొలత కోసం కాక, వేరే పని మీద తీసిన చిత్రాలు కూడా ఒక్కోసారి ఏదో ఒకటి చూపిస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో, పేరు ప్రోస్టేట్‌దే అయినా, లాలాజల గ్రంథులు ధగధగా వెలుగుతాయి. 2020లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వైద్యులు ఇలాంటి వంద మంది స్కాన్‌లు చూస్తూ, ముక్కు వెనక గొంతు పైభాగంలో సుమారు 4 సెంటీమీటర్ల పొడవున రెండు వైపులా వెలుగు గమనించారు. ట్యూబేరియల్ గ్రంథులు అని పేరు పెట్టారు. మనిషి ఒంట్లో కొత్త అవయవం దొరికిందని పత్రికలు రాశాయి. అది విడి గ్రంథి కాదు, ఎప్పటి నుంచో తెలిసిన చిన్న గ్రంథుల గుంపే అని అనాటమీ వాళ్లు పెదవి విరిచారు. స్టెనో నాళాన్ని గుర్తించిన ఊళ్లోనే మూడున్నర శతాబ్దాల తర్వాత మళ్లీ అదే రకం తగాదా. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆ చోటుకు రేడియేషన్ ఎక్కువగా తగిలినవాళ్లకు నోరెండడం, మింగడం కష్టమవడం ఎక్కువగా కనిపించిందని ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు చూపించారు. రోగికి కావలసింది ఆ సమాచారం.

ఇక ఎవరికి ఈ స్కాన్ అవసరం? నా లెక్కలో మూడు సందర్భాలు. గ్రంథి తీసేయాలా ఉంచాలా అన్న నిర్ణయం దాని మీద ఆధారపడినప్పుడు. రేడియేషన్‌కో రేడియో అయోడిన్‌కో ముందూ వెనకా పోల్చాల్సి వచ్చినప్పుడు. పెదవి బయాప్సీకి రోగి ఒప్పుకోక, రక్త పరీక్ష ఎటూ తేల్చక మిగిలిపోయినప్పుడు. నోరు ఎండుతోందన్న ప్రతివాళ్లకూ రాయాల్సిన పరీక్ష మాత్రం కాదిది. హైదరాబాద్, విశాఖ, తిరుపతి లాంటి చోట్ల గామా కెమెరా ఉంది కదా అని బల్ల ఎక్కించడం వైద్యం అనిపించుకోదు.

కాబట్టి నోరు ఎండుతోందని డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. నిద్రమాత్ర, జలుబు బిళ్ల, బీపీ మందు, పక్కింటివాళ్లు చెప్పిన ఆకు కషాయంతో సహా అన్నీ చూపించండి. కళ్లు కూడా ఎండుతున్నాయా, తినేటప్పుడు దవడ కింద వాస్తోందా అన్నవి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. స్కాన్ రాస్తే, అందులో ఏం తేలితే చికిత్స ఎలా మారుతుందో అడగండి. జవాబు సూటిగా వస్తే చేయించుకోండి. రాకపోతే ముందు ఆ 15 నిమిషాల కప్పు పరీక్ష చేయమనండి.